నా బరువుకి బిగించిన బండి

అక్కా,

నిన్న నీ ఉత్తరం అందింది. కుడిచేతికి కట్టు ఉంది కదా, ఎడమచేత్తో రాసినట్టున్నావు. అక్షరాలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి. లెక్కల టీచరువి, గీత గీసినట్టు రాసేదానివి. “నలభై నాలుగేళ్ళకి ఈ గంతులేమిటని అందరూ అంటుంటే వినలేదు, ఇప్పుడు తెలిసొచ్చింది. ఇక బండెక్కను. తప్పు నాదే, ఎగిరేటప్పుడు భయపడి ఉంటాను” అని రాశావు. ఆ చివరి మాట చదివాక నాకు తిండి సయించలేదు. నా మీద నాకు ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు. తప్పు నీది కాదక్కా. ఎవరిదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆరేళ్ళుగా, మట్టి ట్రాకుల మీద గుట్టలెక్కి ఎగిరే ఈ డర్ట్ బైకుల పత్రికలో బళ్ళు నడిపి, మంచీ చెడ్డా రాసి, పదికి ఇన్నని మార్కులు వేసి బతుకుతున్నాను. ఆ మార్కులు చూసి జనం బళ్ళు కొంటారు. నువ్వూ అలాగే కొన్నావు. ఏ బండి తీసుకోవాలా అని రెండేళ్ళు ఊగిసలాడినదానివి, ఎర్ర బండి గురించి నేను రాసింది చదివిన వారానికే షాపుకి వెళ్ళావు. “కంపెనీ నుంచి ఎలా వస్తే అలాగే ఎక్కండి. ఒక్క స్క్రూ తిప్పే పని లేదు. తేలికైనవాళ్ళయినా, కొత్తవాళ్ళయినా గుట్ట మీద నుంచి నిశ్చింతగా ఎగరొచ్చు.” నేను రాసిన ఆ ముక్కలు నువ్వు ఫోన్‌లో నాకే చదివి వినిపించావు, మా తమ్ముడు రాశాడని షాపువాడికి కూడా చెప్పానన్నావు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. తొమ్మిదిన్నర వేశాను దానికి.

నా గొప్పలు నీకు తెలియనివి కావు. మా పనిలో కంపెనీవాళ్ళు బూట్లు పంపుతారు, జాకెట్లు పంపుతారు, కుటుంబంతో సహా షికార్లకి పిలుస్తారు. తీసుకోని వాణ్ణి నేనొక్కణ్ణే. ఒకసారి ఇంటికొచ్చిన బూట్ల పెట్టె విప్పకుండానే తిప్పి పంపితే, ఆఫీసులో అందరూ నన్ను ‘పతివ్రత’ అని ఏడిపించారు. ఏడిపించనీ అనుకున్నాను. టీలు తెచ్చే పండుగాడి దగ్గర్నుంచి ఎడిటర్ దాకా అందరూ ఎంగిలి చేతులవాళ్ళే, నేనొక్కణ్ణే శుభ్రం అని లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు ఆ మురిపెం తలుచుకుంటే సిగ్గేస్తోంది.

నువ్వు పడ్డాక పది రోజులకనుకుంటా, ఐదు కంపెనీల బళ్ళు పక్కపక్కన పెట్టి పోల్చే పని వచ్చింది. ఏటా అదే మా పెద్ద సంచిక. ఆ రోజు పొద్దున్నుంచీ ఒకటే వాన. ట్రాకంతా బురదై, నడపడానికి వీల్లేక రేకుల షెడ్డులో చేరి కూర్చున్నాం. ఎర్ర బండి కంపెనీ నుంచి ఎప్పుడూ వచ్చే మెకానిక్ నడుం నొప్పితో మంచం పట్టాడట, అతని బదులు కొత్తాయన వచ్చాడు. మంచి మనిషి, మర్యాదగా లేచి నిలబడ్డాడు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి పేజీ తిప్పి, “సార్, మీరు ఇంకా డెబ్భై రెండు కిలోలేనా, ఏమైనా పెరిగారా?” అని అడిగాడు.

నాకు అర్థం కాలేదు. నా బరువుతో నీకేం పనయ్యా అన్నాను. అతను ఏమాత్రం తడుముకోకుండా, స్ప్రింగు మార్చాలి కదా సార్ అన్నాడు. పాపం, నాకు తెలుసనే అనుకున్నాడు. నేను చెయ్యి చాపితే నోటుబుక్కు ఇచ్చేశాడు. పాత మెకానిక్ చేతిరాత. అందులో ప్రతి పత్రికకీ ఒక పేజీ, ప్రతి పేజీలో ఒక్కొక్కరి గుణగణాలు. ‘ఇతనికి బూట్లు, తొమ్మిదో సైజు.’ ‘ఇతన్ని భోజనం అయ్యాకే బండెక్కించాలి.’ ‘ఇతను బండి నడపడు, ఫోటోలు చాలు.’ చివర్లో నా పేజీ. ‘డెబ్భై రెండు కిలోలు. వెనక మెత్తగా ఉంటే పొగుడుతాడు. బహుమతులు ఇవ్వొద్దు, కోపం వస్తుంది. నిజాయితీపరుడు.’ నా నిజాయితీ కూడా చెప్పుల సైజులాగా రాసిపెట్టుకున్నారక్కా. దాన్ని ఎలా వాడుకోవాలో లెక్క చూసుకున్నారు.

విషయం ఇది. ఆరేళ్ళలో ఆ కంపెనీ నాకు పంపిన ప్రతి బండినీ ముందుగా వాళ్ళ షెడ్డులో విప్పి, వెనక స్ప్రింగు తీసేసి, నా బరువుకి సరిపోయేది వేసి, అంతా నాకు నచ్చేట్టు బిగించి, మళ్ళీ షాపు స్టిక్కర్లు అంటించి పంపారు. షాపులో జనానికి అమ్మేది మాత్రం తొంభై కిలోల మనిషికి సరిపోయే గట్టి స్ప్రింగు. తేలికైన మనిషి దాని మీద కూర్చుని గుట్టెక్కి ఎగిరితే, వెనక చక్రం ఒక్కసారిగా పైకి తన్నుతుంది. బండి ముక్కు నేలకి వాలిపోతుంది. మనిషి హ్యాండిల్ మీద నుంచి పల్టీ కొడతాడు. నువ్వు యాభై ఎనిమిది కిలోలు. నువ్వు పడ్డది అచ్చంగా అలాగే.

ఆఫీసుకి వెళ్ళి ఎడిటర్ ముందు నిలబడి ఇదంతా చెప్పాను. ఆయన గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. ఆ ముక్కలు టప్ టప్ మని రాబోయే సంచిక అచ్చు కాగితాల మీద పడుతున్నాయి. అంతా విన్నాడు, ఆశ్చర్యపోలేదు. నువ్వేమైనా అబద్ధం రాశావా అని అడిగాడు. లేదన్నాను. నీకు నచ్చింది, నచ్చిందని రాశావు, ఇంకేమిటి బాధ అన్నాడు. నేను గొంతు పెంచితే, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

“చూడు, బూట్లు తీసుకునేవాళ్ళ రాతలు ఎవరూ నమ్మరు. నీ రాత నమ్ముతారు. అందుకే కదా వాళ్ళు బండి నీకే ఇవ్వమని అడిగేది.”

అని గోళ్ళ ముక్కలు అరచేత్తో ఊడ్చి, కాగితాలు నా వైపు తోశాడు. ఐదు బళ్ళ మార్కుల పట్టిక. ఎర్ర బండి మొదట. చివరన నీలం బండి. దాన్ని ఇద్దరు అన్నదమ్ములు చిన్న షెడ్డులో తయారుచేస్తారు. మా పత్రికలో ప్రకటన వేసే స్తోమత వాళ్ళకి లేదు, నా బరువు ఎంతో వాళ్ళెప్పుడూ అడగలేదు. షాపులో అమ్మే బండే తెచ్చి నిలబెట్టి, చూడండి సార్ అని పక్కకి తప్పుకునేవాళ్ళు. ఆ బండి గురించి నేను ‘మొరటు’ అని రాశాను. ఏటా రాశాను. ఆరు మార్కులు దాటనివ్వలేదు. ఒకళ్ళు నాకు కొలిచి కుట్టిన చొక్కా తెచ్చారు, ఇంకొకళ్ళు దుకాణంలో వేలాడే చొక్కా తెచ్చారు; నేను రెండూ తొడుక్కుని, మొదటివాడే మంచి దర్జీ అని సంతకం పెట్టాను. ఈసారి తెలిసి కూడా పెట్టాను. ఆ గదిలోంచి బయటపడితే చాలుననిపించింది.

నీ దగ్గరికి వచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలిచిపెడుతూ, “వయసు కూడా చూసుకోవాలి కదక్కా” అన్నాను. నువ్వు తలాడించావు. అప్పటికి నాకు ఇవేమీ తెలియవు. తెలిసి ఉంటే ఆ మాట నా నోట వచ్చేది కాదు.

నెలాఖరుకి ఉద్యోగం మానేస్తున్నాను. ఒంట్లో బాగుండటం లేదని రాసిచ్చాను. గొడవ పడే ఓపిక లేదు, ఆ మొహాలు మళ్ళీ చూడకపోతే చాలు. నువ్వు మాత్రం హెల్మెట్టూ బూట్లూ ఎవరికీ ఇవ్వొద్దు. నాకు క్లచ్ పట్టడం నేర్పిన చెయ్యి అది. దాన్ని అనుమానించకు.

నీకు మొహం చూపించలేని
తమ్ముడు

*

చిన్నోడా,

ఎడమచేత్తో రాస్తున్నాను కాబట్టి చుట్టూ తిప్పి రాయలేను. హెల్మెట్టూ బూట్లూ మా స్కూల్లో ఆటల టీచరుకి ఇచ్చేశాను. నీ ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందే ఇచ్చేశాను. బండి మాత్రం వరండాలో పడి ఉంది. మీ బావ ఎవరినో కొనేవాళ్ళని తీసుకొచ్చాడు, నేనే వద్దని పంపేశాను. ఇప్పుడు సంగతి తెలిసి కూడా ఇంకొకరికి అంటగడితే నీకూ నాకూ తేడా ఏముంది?

నీ ఉత్తరం మొదటిసారి చదివి ఏడ్చాను. బుర్రలో మూడు వారాలుగా తిరుగుతున్న ప్రశ్నకి జవాబు దొరికిందని ఏడ్చాను, నువ్వు చెప్పావు కదా అని కూడా ఏడ్చాను. రెండోసారి చదివాను. పిల్లల పేపర్లు దిద్దే అలవాటు ఎక్కడికి పోతుంది? ఒక మెట్టు తప్పించి జవాబు రాసినవాణ్ణి నేను పట్టుకోకుండా వదలను.

నేను పడ్డాక మన ఊళ్ళో ఒక్క చినుకు పడలేదురా. చేతికి కట్టుతో కిటికీ దగ్గర కూర్చుని రోజంతా ఆకాశం చూడటం తప్ప నాకు వేరే పని లేదు. పెరట్లో ఆరేసిన బట్టలు ఒక్కరోజు కూడా లోపలికి తేలేదు. వాన పడ్డది నేను పడకముందు మంగళవారం. ఆ రోజు స్కూలుకి తడుస్తూ వెళ్ళాను, బాగా గుర్తుంది. నువ్వు షెడ్డులో కూర్చున్నది ఆ మంగళవారమే.

ఆ గురువారం నీకు ఫోన్ చేశాను. ఆ సంగతి నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఎగిరేటప్పుడు వెనక కొంచెం తన్నుతున్నట్టుందిరా, స్ప్రింగు ఎగదన్నే వేగాన్ని తగ్గించే ఆ వెనక స్క్రూ రెండు మూడు క్లిక్కులు బిగించి చూడనా అని అడిగాను. నువ్వు ఏమన్నావో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “ఏమీ ముట్టుకోకక్కా. కంపెనీ సెట్టింగు బాగుంటుంది. నీకే అలవాటు కాలేదు.” ఆదివారం పడ్డాను.

కంపెనీవాళ్ళ మీద నాకేం కోపం లేదు. వాళ్ళు నాకేమవుతారు? నీ ఎడిటర్ మీదా లేదు. నా మంచం పక్కన కూర్చుని బత్తాయి తొనలు నా నోట్లో పెట్టి, తెలిసుండి, నాదే తప్పని నన్ను నమ్మించావు చూడు, దానికి నాకు అసహ్యం వేసింది. ఆ తొనలు మింగినందుకు నా మీద నాకు కూడా వేసింది. ఇప్పుడేమో ఒంట్లో బాగాలేదని రాసిచ్చి వచ్చేస్తావట. బాగాలేనిది నాకురా, నీకు కాదు.

ఓదార్పు ఉత్తరాలు రాయకు. తప్పు నీది కాదక్కా అని నువ్వు రాస్తే నేనెందుకు నమ్మాలి? తొమ్మిదిన్నర అని రాసినప్పుడు నమ్మాను, చెయ్యి విరిగింది. నిజంగా నా తప్పు కాకపోతే అది చూపించు. మాటలతో కాదు. చూపించేదాకా ఇంటికి రావొద్దు.

మీ అక్క

*

అక్కా,

నువ్వు కట్టిన లెక్క సరైనదే. మంగళవారం తెలిసింది. గురువారం నువ్వు ఫోన్ చేశావు. ఈసారి ఏ మెట్టూ తప్పించకుండా రాస్తాను.

స్క్రూ బిగించమని చెప్తే ఎందుకని అడుగుతావు. ఎందుకని అడగకుండా నువ్వు ఊరుకున్న రోజు నా జన్మలో చూడలేదు. ఒక్క స్క్రూ తిప్పే పని లేదని అచ్చులో రాసినవాణ్ణి, తిప్పమని ఎలా చెప్పను? నువ్వు మీ బైకుల క్లబ్బులో నలుగురితో అంటావు, ఆ నోటా ఈ నోటా పడి నా పేరు పోతుందని భయపడ్డాను. అంతకన్నా అసహ్యమైనది ఇంకోటుంది. పడదులే అనుకున్నాను. ఆదివారం ట్రాకుకి రమ్మని పిలిచావు, పనుందన్నాను. ఏ పనీ లేదు. ఇంట్లో సోఫాలో పడుకుని టీవీ చూశాను. మధ్యాహ్నం బావ ఫోన్ చేసి నువ్వు పడ్డావని చెప్పగానే నాకు మొదట వచ్చిన ఆలోచన, స్క్రూ సంగతి ఎవరితోనైనా అందేమో అని. నువ్వెలా ఉన్నావని దాని తర్వాత అడిగాను. ఇంతకన్నా నీచంగా నేను రాయగలిగింది ఇంకేమీ మిగల్లేదు.

సెలవు చీటీలాంటి ఆ రాజీనామా వెనక్కి తీసుకున్నాను. ఎర్ర బండి సంగతీ నోటుబుక్కు సంగతీ నేను చేసిన పిరికి పనీ మొత్తం రాసి ఎడిటర్ బల్ల మీద పెట్టాను. చదవకుండానే చింపేస్తాడనుకున్నాను. శ్రద్ధగా చదివాడు, రెండు చోట్ల కామాలు కూడా దిద్దాడు, ఆ తర్వాత చింపాడు. ఇంకో కాపీ ఉందని చెప్పి వచ్చేశాను.

నువ్వు చేతి వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్ళిన వేళ చూసి బావ దగ్గరికి వచ్చాను. గడప దాటలేదు, నీ మాట తప్పలేదు. బండి కావాలన్నాను. బావ తాళం నా చేతిలో పడేసి లోపలికి వెళ్ళిపోయాడు. కూర్చో అని కూడా అనలేదు. ఇన్నేళ్ళలో ఆయన గుమ్మంలో నన్ను నిలబెట్టడం ఇదే మొదటిసారి, నిలబెట్టాల్సిందే.

మీ క్లబ్బు పోటీల రోజు పొద్దున, బళ్ళు బయలుదేరే ముందు అందరినీ పోగుచేసి సూచనలు చెప్తారు కదా, అప్పుడు మైకు అడిగి తీసుకున్నాను. నేను రాసిన కాగితం చదివాను. నీ ఫోన్ సంగతి కూడా చదివాను. చివరిదాకా ఆపలేదు. మధ్యలోనే ఒకాయన పక్కవాణ్ణి స్క్రూడ్రైవర్ అడిగి తన ఎర్ర బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు అటు నడిచారు. అయ్యాక ఒకావిడ, నీతో పాటు పోటీల్లో బండి నడిపే ఆవిడే, ముందుకొచ్చి, “ఆరేళ్ళుగా మీరు రాసినవాటిలో ఏది నమ్మాలి?” అని అడిగింది. తెలియదండీ అన్నాను. ఆవిడ హెల్మెట్టు పెట్టుకుని వెళ్ళిపోయింది.

నీలం బండి అన్నదమ్ముల షెడ్డుకి కూడా వెళ్ళాను. పెద్దాయన ఏదో బోల్టు బిగిస్తూనే విన్నాడు, తలెత్తలేదు. ఏటా మీ మార్కులు చూసి ఏం లోపముందా అని బండంతా విప్పి వెతుక్కునేవాళ్ళం, ఒక్కటీ దొరికేది కాదు అన్నాడు. తమ్ముడు నన్ను గేటు దాకా దిగబెట్టి, గేటు మూసుకున్నాడు. ఆ సాయంత్రమే ఎడిటర్ నుంచి ఫోన్. ఉద్యోగం పోయింది, ఏ పత్రికలోనూ నీ రాత ఇక ఎవరూ వేసుకోరు అన్నాడు. వేసుకోకూడదు కూడా.

ఇక నువ్వు చూపించమన్నది. పోటీలన్నీ అయ్యాక నీ బండి అదే ట్రాకు మీదికి, నువ్వు పడ్డ మూడో గుట్ట దగ్గరికి తీసుకెళ్ళాను. మీ క్లబ్బు కార్యదర్శి, మరో నలుగురు చూస్తూ నిలబడ్డారు. ఏమీ ముట్టుకోకుండా, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే పదిసార్లు ఎగిరాను. పదిసార్లూ వెనక చక్రం తన్నింది. రెండుసార్లు పడ్డాను. నీకన్నా పద్నాలుగు కిలోలు ఎక్కువున్నవాణ్ణి, రోజూ ఇదే పనిగా బతికినవాణ్ణి, తన్నుతుందని ముందే తెలిసి కాచుకున్నవాణ్ణి, అయినా పడ్డాను. భుజం వాచింది. తెలియకుండా ఎక్కిన నువ్వు ఎలా ఆపుకుంటావు? కార్యదర్శి ఒక్కో ఎగురుడూ రాసుకుని కింద సంతకం చేశాడు. ఆ కాగితం ఇందులో పెట్టాను, నా మాట నమ్మక్కర్లేదు.

తర్వాత వెనక స్క్రూ ఒక క్లిక్కు బిగించాను. తన్నింది. రెండు బిగించాను. కొంచెం తగ్గింది. మూడు బిగించి పదిసార్లు ఎగిరాను. ఒక్కసారి కూడా తన్నలేదక్కా. స్ప్రింగు ఎలాగూ మార్చాల్సిందే, నీ బరువుకి ఆ మూడు క్లిక్కులే పూర్తిగా చాలుతాయని చెప్పను. కానీ నువ్వు వెతికిన చోటు సరైనది, చెయ్యబోయిన పని సరైనది. ఆరేళ్ళు మార్కులు వేసిన నాకు పట్టుబడనిది, నువ్వు కొన్న రెండు వారాలకే ఒంటితో పసిగట్టావు. గురువారం నువ్వు చెయ్యబోయింది నువ్వు చేసి ఉంటే ఆదివారం నువ్వు ఇంటికి నీ కాళ్ళ మీద, రెండు చేతులతో వచ్చేదానివి. నిన్ను ఆపింది వయసు కాదు, భయం కాదు. నేను.

తమ్ముడు